వెగాస్‌లో గది 59 డాలర్లే అన్నారు, బిల్లు 287 ఎలా అయింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. డిసెంబర్‌లో అమ్మానాన్నల్ని తీసుకుని డాలస్ నుంచి వెగాస్‌కి విమానంలో వెళ్తున్నారు. రెండు రాత్రులు అక్కడుండి, తర్వాత గ్రాండ్ కాన్యన్ చూసుకుని వెనక్కి. నలుగురూ పెద్దవాళ్ళే. 2024లో వెళ్ళొచ్చిన మీ స్నేహితుడు స్ట్రిప్ మీద (పెద్ద క్యాసినో హోటళ్ళన్నీ వరసగా ఉండే రోడ్డు) 59 డాలర్లకే గది దొరికిందని సంబరపడ్డాడు, తీరా కార్డు మీద పడింది దానికి రెట్టింపు దాటింది. గది అద్దెపైన హోటల్ తప్పనిసరిగా వేసే ఈ రిసార్ట్ ఫీజు తప్పించుకునే దారి ఉందా, క్యాసినోలిచ్చే సభ్యత్వ కార్డు, అదే ప్లేయర్స్ కార్డు, తీసుకుంటే నిజంగా తగ్గుతుందా అని అడిగారు.

నేను ఫీనిక్స్‌లో ఉంటాను. కారులో అయిదు గంటల దారి. ఇండియా నుంచి ఎవరొచ్చినా "వెగాస్ చూపించవా" అంటారు కాబట్టి పదమూడేళ్ళుగా ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్ళొస్తూనే ఉన్నాను. నేను జూదం ఆడను. అయినా మొదట్లో బాగానే చేతి చమురు వదిలింది, అంతా హోటల్ బిల్లులోనే.

ముందు ఆ 59 కథ చూద్దాం. గది 59, రిసార్ట్ ఫీజు 50 అనుకోండి. స్ట్రిప్ హోటళ్ళలో ఇప్పుడు ఈ ఫీజు రాత్రికి 35 నుంచి 55 దాకా నడుస్తోంది. రెండూ కలిపితే 109. స్ట్రిప్ ప్రాంతంలో గది పన్ను 13.38 శాతం. ఆ పన్ను గది అద్దె మీదే కాదు, రిసార్ట్ ఫీజు మీద కూడా వేస్తారు. అంటే రాత్రికి 123.58, రెండు రాత్రులకి 247. కారు ఉంటే పార్కింగ్ రోజుకి ఓ 20 వేసుకోండి, 287 అయింది. 118 అనుకుని వెళ్ళినవాడికి తడిసి మోపెడయ్యేది ఇలాగే. ఇందులో ఎవరూ దొంగలెక్క రాయలేదు. అసలు కంటే కొసరు ఎక్కువ, అంతే.

ఒక మంచి మార్పు వచ్చింది. 2025 మే 12 నుంచి, కొనుగోలుదారుల్ని కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఒకటి అమల్లో ఉంది. హోటలైనా బుకింగ్ సైటైనా, ధర చూపించేటప్పుడు తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తాన్నే ముందు చూపించాలి. మీ స్నేహితుడికి 59 అని కనబడ్డ గది ఇప్పుడు మీకు 109 అని కనబడుతుంది. అయితే ఈ నిబంధన ఫీజుని రద్దు చేయలేదు, దాచిపెట్టడాన్ని మాత్రమే ఆపింది. ప్రభుత్వ పన్ను మొదటి ధరలో కలపనక్కర్లేదు, పార్కింగ్ లాంటివి కూడా కలపనక్కర్లేదు. అందుకని ఎప్పుడు పోల్చినా, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్ళి, అన్ని రాత్రులకీ కలిపి వచ్చిన ఆఖరి అంకెనే పక్కపక్కన పెట్టుకోండి. నేను ఫోన్‌లో ఆ పేజీ ఫొటోలు తీసి పెట్టుకుంటాను. తర్వాత కౌంటర్ దగ్గర కూడా అవి అక్కరకొస్తాయి.

ఇక రిసార్ట్ ఫీజు తప్పించుకోవడం. "నేను జిమ్‌కి వెళ్ళను, వైఫై వాడను, ఫీజు తీసెయ్యండి" అంటే తీయరు. పని చేసే దారులు కొన్నే ఉన్నాయి. మీ దగ్గర హిల్టన్ హోటళ్ళ సభ్యత్వ పాయింట్లు ఉంటే, గది మొత్తం పాయింట్లతోనే తీసుకున్నప్పుడు రిసార్ట్ ఫీజు పడదు. స్ట్రిప్ మీద 2021లో తెరిచిన రిసార్ట్స్ వరల్డ్‌లో హిల్టన్ బ్రాండ్లు ఉన్నాయి. మారియట్ పాయింట్లతో అలా కుదరదు. గది పాయింట్లతో వచ్చినా ఫీజు కట్టాల్సిందే. ఈ తేడా తెలియక చాలామంది పాయింట్లు వృథా చేసుకుంటారు. స్ట్రిప్ మీది పెద్ద హోటల్ కంపెనీలు ఎంజీఎంలో గోల్డ్, సీజర్స్‌లో డైమండ్ సభ్యత్వ స్థాయి ఉన్నవాళ్ళకి ఫీజు మాఫీ ఉంది కానీ, మామూలుగా ఆ స్థాయి రావాలంటే అక్కడ బోలెడు డబ్బు తగలేసి ఉండాలి. దానికోసం పాకులాడొద్దు.

ఊళ్ళో రద్దీ తగ్గినప్పుడు హోటళ్ళే దిగొస్తాయి. 2024లో 4 కోట్ల 17 లక్షల మంది వచ్చిన ఊరికి 2025లో జనం తగ్గారు. ఆ వేసవిలో రిసార్ట్స్ వరల్డ్ రిసార్ట్ ఫీజు, పార్కింగ్ రెండూ ఎత్తేసి గదులిచ్చింది. అలాంటి ఆఫర్లు హోటల్ సొంత సైట్లోనే ముందు కనబడతాయి.

క్యాసినో లేని హోటల్ కూడా చూడండి. స్ట్రిప్‌కి ఒకటి రెండు మైళ్ళ దూరంలో మామూలు చెయిన్ హోటళ్ళు ఉన్నాయి. చాలా వాటిలో రిసార్ట్ ఫీజు ఉండదు, పొద్దున్న టిఫిన్ ఉచితం, కారు పెట్టుకోవడం ఉచితం. పైకి 105 అని కనబడే ఆ గది, 59 అని మురిపించిన గది కంటే చవక పడుతుంది. కాకపోతే రాత్రి పదకొండింటికి బెల్లాజియో ఫౌంటెన్లు చూసి నడుచుకుంటూ గదికి వచ్చే సుఖం ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో అదీ ఆలోచించాల్సిందే.

మీరు అడగని మాట ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీ నలుగురి విషయంలో అదే పెద్దది. చాలా హోటళ్ళలో గది ధర ఇద్దరికే. మూడో మనిషికి, నాలుగో మనిషికి రాత్రికి ఇంతని అదనంగా వేస్తారు. తల ఒక్కింటికి 35 అనుకుంటే, ఒకే గదిలో నలుగురికి రాత్రికి పన్నుతో కలిపి 203 అవుతుంది. రెండు వేర్వేరు గదులు తీసుకుంటే రెండు రిసార్ట్ ఫీజులు కట్టినా 247. తేడా 44 డాలర్లు. ఆ 44కి మీ అమ్మగారికి వేరే బాత్రూమ్, మీ నాన్నగారికి తొమ్మిదింటికే లైటు ఆర్పేసుకుని పడుకునే వీలు. నేనైతే వారం మధ్య రోజుల్లో రెండు గదులే తీసుకుంటాను. అదే శుక్ర, శనివారాల్లో గది అద్దె 200 దాటితే ఆ తేడా బాగా పెరుగుతుంది, అప్పుడు ఒకే గది మేలు. బుక్ చేసేటప్పుడు ఇద్దరమే అని రాసి నలుగురు వెళ్ళేవాళ్ళు ఉన్నారు. రాత్రిపూట లిఫ్టుల దగ్గర కాపలావాడు గది కార్డు చూపించమంటాడు. అమ్మానాన్నల్ని అక్కడ బెరుకుగా నిలబెట్టే పని మాత్రం చేయకండి.

ఇంకో దారి, చిన్న వంటగది ఉండే సూట్లు. వడారా, ఎంజీఎం గ్రాండ్ పక్కనున్న సిగ్నేచర్, ఈ రెండింటిలోనూ క్యాసినో లేదు, గదుల్లో వంటగది వసతి ఉంటుంది. రిసార్ట్ ఫీజు అక్కడా ఉంది. అయినా సిగరెట్ పొగలోంచి నడిచే బాధ ఉండదు, ఒక పూట ఇంత అన్నం వండుకుని పెరుగు కలుపుకుంటే నలుగురి భోజనం ఖర్చు మిగులుతుంది. వెగాస్ క్యాసినో హోటళ్ళలో చాలా గదుల్లో కాఫీ కాచుకునే మిషను కూడా ఉండదు. మిమ్మల్ని కిందికి పంపి కొనిపించాలనే ఆ ఏర్పాటు. నలుగురికి పొద్దున్నే కాఫీ అంటే 30 డాలర్లు ఎగిరిపోతాయి. నేను చిన్న కెటిల్, కాఫీ పొడి, పాలపొడి సూట్‌కేసులో పెట్టుకెళ్తాను.

తేదీల సంగతి. పైన చెప్పిన కిటుకులన్నీ కలిపినా, సరైన తేదీ తెచ్చిపెట్టినంత ఆదా తేవు. డిసెంబర్ మొదట్లో పది రోజులు నేషనల్ ఫైనల్స్ రోడియో (గుర్రాలు, ఎద్దుల మీద స్వారీ పోటీలు) ఉంటుంది, ఊరంతా కౌబాయ్ టోపీలు, గదులు ప్రియం. అది అయిపోయిన దగ్గర్నుంచి క్రిస్మస్‌కి రెండు మూడు రోజుల ముందు దాకా, ఏడాదిలో బాగా చవకైన రోజుల్లో అవి ఒకటి. క్రిస్మస్ తర్వాత ధరలు మళ్ళీ ఎక్కుతాయి, డిసెంబర్ 31 రాత్రి సంగతి చెప్పక్కర్లేదు. జనవరి మొదటి వారంలో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన సీఈఎస్‌కి లక్షకి పైగా జనం దిగుతారు. నవంబర్‌లో అయితే 2023 నుంచి ఫార్ములా వన్ రేసు ఉంది. మీరు రోడియో ముగిశాక వచ్చే ఆదివారం రాత్రి దిగి, మంగళవారం పొద్దున్న బయల్దేరేలా చూసుకోండి. అదే గదికి శుక్ర, శనివారాల్లో మూడు నాలుగు రెట్లు అడగడం నేను చూశాను.

ఎక్కడ బుక్ చేయాలంటే, హోటల్ సొంత సైట్లోనే, ముందస్తు డబ్బు పోకుండా రద్దు చేసుకునే రేటులో. సాధారణంగా రెండు మూడు రోజుల ముందు దాకా ఉచితంగా రద్దు చేసుకోవచ్చు, గడువు మాత్రం హోటల్‌ని బట్టి చదువుకోండి. బుక్ చేశాక వారానికోసారి అదే తేదీలు మళ్ళీ చూడండి. తగ్గితే కొత్తది చేసుకుని పాతది రద్దు చేయండి. పోయిన ఏడాది మా అత్తగారి వాళ్ళ ప్రయాణానికి ఇలా రెండుసార్లు మార్చాను. వేరే సైట్లలో రద్దు కుదరని చవక రేట్లు ఉంటాయి కానీ, పెద్దవాళ్ళ ఆరోగ్యం, విమానాలు, ఇవన్నీ ఉన్నప్పుడు ఆ పది డాలర్ల ఆశ మంచిది కాదు. మీ దగ్గర అమెక్స్ ప్లాటినం కార్డు ఉంటే దాని ఫైన్ హోటల్స్ రేటు కూడా చూడండి. ఇద్దరికి టిఫిన్, 100 డాలర్ల క్రెడిట్, సాయంత్రం నాలుగింటి దాకా గది వస్తాయి. వారం మధ్యలో అది లాభసాటిగా పడుతుంది.

ప్లేయర్స్ కార్డు గురించి. తీసుకోండి. ఉచితం, 21 ఏళ్ళు నిండితే చాలు, ఒక్క రూపాయి ఆడక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకున్నా సభ్యుల రేటు కనబడుతుంది, మామూలు రేటు కంటే కాస్త తక్కువ. అక్కడితో ఆగండి.

"కార్డు పెట్టి కాసేపు ఆడితే మళ్ళీసారి గది ఉచితం" అనేవాళ్ళు మీకు తప్పకుండా తగులుతారు. ఆ ఉచితం ఎలా లెక్కేస్తారో చెప్తాను. మీరు నిజంగా ఎంత పోగొట్టుకున్నారన్నది కాదు, మీరు ఆడిన ఆటకి సగటున ఎంత పోవాలో దాన్నిబట్టి కంప్యూటర్ లెక్క కడుతుంది. స్లాట్ మిషను మీద నొక్కు ఒక డాలరు, గంటకి 500 నొక్కులు, మిషను నూటికి 8 మిగుల్చుకుంటుంది అనుకోండి. గంటకి సగటున 40 డాలర్లు మీవి పోతాయి. అందులో కొంత భాగాన్నే గది రూపంలో తిరిగిస్తారు. 100 డాలర్ల గది "ఉచితంగా" రావాలంటే మీరు ఎన్ని వందలు వదలాలో ఆలోచించండి. పేకాట బల్లల దగ్గరా అంతే. బ్లాక్‌జాక్ అనే పేకాటలో పది డాలర్ల పందేనికి బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కల్లోనే 21) పడితే పాత లెక్కన 15 ఇచ్చేవారు. ఇప్పుడు స్ట్రిప్ మీద చిన్న పందేల బల్లల మీద చాలాచోట్ల 6:5 అని రాసి ఉంటుంది, అంటే 12. అంకెల చక్రం తిప్పే రౌలెట్‌లో ఒక సున్నా ఉంటే క్యాసినో వాటా 2.70 శాతం, రెండైతే 5.26, మూడు సున్నాలైతే 7.69. ఇప్పుడు మూడు సున్నాల చక్రాలూ పెట్టారు. నాన్నగారికి సరదా ఉంటే ఒక 40 డాలర్లు సినిమా టికెట్ డబ్బులనుకుని ఇవ్వండి, తప్పేం లేదు. గోవాలో మాండోవి నది మీద పడవ క్యాసినోకి వెళ్ళినవాళ్ళు ఇక్కడా ఎంట్రీ టికెట్ ఉంటుందనుకుంటారు. వెగాస్‌లో లోపలికి వెళ్ళి చూడడానికి ఏమీ కట్టక్కర్లేదు. హోటల్ డిస్కౌంట్ కోసం మాత్రం ఎవరూ ఆడకండి. నాకు తెలిసిన ఒకబ్బాయి అలా "స్టేటస్" కోసం మొదలుపెట్టి ఏడాది తిరిగేసరికి క్రెడిట్ కార్డుల అప్పుల్లో కూరుకుపోయాడు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

గదిలోకి వెళ్ళాక మొదటి ప్రమాదం ఫ్రిజ్. మా అమ్మ వచ్చినప్పుడు జరిగింది చెప్తాను, హోటల్ పేరు వద్దు. అమ్మకి ఇన్సులిన్ పెన్నులు చల్లగా ఉండాలి. గదిలో మినీబార్, అంటే డబ్బుకి అమ్మే సీసాలున్న చిన్న ఫ్రిజ్, తెరిస్తే సీసాలన్నీ ఒక్కోటి ఒక్కో గుంటలో వరసగా ఉన్నాయి. అమ్మ రెండు నీళ్ళ సీసాలు, ఒక జ్యూసు బయటికి తీసి బల్ల మీద పద్ధతిగా పేర్చి, ఆ చోట తన చిన్న స్టీలు డబ్బా పెట్టింది. పొద్దున్న బయల్దేరేముందు మళ్ళీ ఎక్కడివక్కడ సర్దేసింది. బిల్లులో 41 డాలర్లు పడ్డాయి. ఆ గుంటల కింద సెన్సర్లు ఉంటాయి, సీసా కాసేపు కదిలితే అమ్ముడుపోయినట్టే. కౌంటర్ దగ్గర వరసలో అరగంట నిలబడి చెప్తే తీసేశారు. ఆ అరగంటా అమ్మ నా పక్కన నిలబడి "నేనేం తాగలేదు నాయనా, చూడమను, మూతలు కూడా తియ్యలేదు" అంటూనే ఉంది. డబ్బు వెనక్కి వచ్చింది కానీ, ఆవిడ మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే మీరు చెక్ఇన్ దగ్గరే రెండు మాటలు చెప్పండి. మినీబార్‌కి తాళం వేయమనండి, లేదా ఖాళీ చేయించమనండి. మందులు పెట్టుకోవడానికి వేరే ఫ్రిజ్ కావాలనండి. మామూలుగా దానికి అద్దె అడుగుతారు, మందుల కోసమంటే చాలాచోట్ల ఉచితంగా పంపుతారు. బల్ల మీద అందంగా పేర్చిన చిప్స్, నీళ్ళ సీసాల పళ్ళెం కూడా ముట్టుకోవద్దని అమ్మానాన్నలకి ముందే చెప్పండి. అవి మర్యాదకి పెట్టినవనే ఇండియా నుంచి వచ్చినవాళ్ళు అనుకుంటారు.

చెక్ఇన్ అప్పుడు గది డబ్బు కాక డిపాజిట్‌గా రాత్రికి ఇంతని కార్డు మీద పట్టి ఉంచుతారు. క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే ఆ డబ్బు ఖాతాలోకి తిరిగి రావడానికి వారం కూడా పట్టొచ్చు. మధ్యాహ్నం మూడింటికంటే ముందే గది ఇవ్వడానికీ కొన్నిచోట్ల డబ్బు అడుగుతారు. విమానం పొద్దున్నే దిగితే సామాను బెల్ డెస్క్ దగ్గర పెట్టి, మీ అమ్మానాన్నలతో బెల్లాజియో పూలతోట, ఫ్లమింగో పక్షులు చూసి రండి, రెండూ ఉచితమే.

పార్కింగ్‌కి మీ దగ్గర మంచి మందు ఉంది, ఎందుకంటే మీరు విమానంలో వస్తున్నారు. మొదటి రెండు రోజులు కారే తీసుకోకండి. ఒకప్పుడు స్ట్రిప్ అంతా పార్కింగ్ ఉచితం. 2016లో ఎంజీఎం వసూలు మొదలుపెట్టాక మిగతావాళ్ళలో చాలామంది అదే దారి పట్టారు, హోటల్లో దిగినవాళ్ళ దగ్గరా తీసుకుంటారు. స్ట్రిప్ మీద డ్యూస్ బస్సు ఉంది, 24 గంటల పాస్ దొరుకుతుంది. మాండలే బే నుంచి ఎక్స్‌కాలిబర్ దాకా, బెల్లాజియో నుంచి పార్క్ ఎంజీఎం దాకా ట్రామ్ ఉచితం. కాన్యన్‌కి వెళ్ళే పొద్దున్న అద్దె కారు తీసుకోండి. రెండు రోజుల అద్దె, రెండు రోజుల పార్కింగ్ రెండూ మిగులుతాయి.

నడుస్తుంటే ఎవరో ఒకరు నవ్వుతూ ఆపి "ఎన్నాళ్ళుంటారు, షో టికెట్లు ఉచితంగా కావాలా" అంటారు. అది టైమ్‌షేర్ అమ్మకం, అంటే ఏడాదికి కొన్ని రోజులు ఒక విడిది వాడుకునే హక్కు అంటగట్టడం. గంటన్నర అన్నది మూడు గంటలవుతుంది, సంతకం పెట్టేదాకా ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటారు. మొహమాటానికి సంతకం పెట్టేసిన వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, నెవాడా చట్టం ప్రకారం సంతకం చేసిన అయిదో రోజు అర్ధరాత్రి లోపు రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. ఆలస్యం చేయకండి.

భోజనం బిల్లులో అమ్మకం పన్ను కాక సీఎన్ఎఫ్ అని నాలుగైదు శాతం ఒక గీత కొన్ని రెస్టారెంట్లలో కనబడుతుంది. అది ప్రభుత్వ పన్ను కాదు, ఆ షాపు వేసుకున్న రుసుము. మెనూ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, కూర్చునే ముందే చూడండి. క్యాసినో ఏటీఎం జోలికి పోకండి, ఒక్కసారి తీస్తే పది డాలర్ల దాకా ఫీజు. నాన్నగారు ఇండియా కార్డు వాడితే, మిషను "రూపాయల్లోనా డాలర్లలోనా" అని అడిగినప్పుడు డాలర్లే నొక్కమనండి. రూపాయలంటే వాళ్ళిష్టమొచ్చిన మారకం రేటు వేస్తారు.

కాన్యన్ గురించి ఒక్క మాట, దీనికీ ఫీజే కారణం. 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కానివాళ్ళకి గ్రాండ్ కాన్యన్‌తో సహా 11 జాతీయ పార్కుల్లో మామూలు ప్రవేశ రుసుముపైన మనిషికి 100 డాలర్లు అదనంగా పెట్టారు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి అది వర్తిస్తుంది, వెళ్ళేముందు పార్కు సైట్లో చూసుకుని బడ్జెట్‌లో వేసుకోండి. కాన్యన్ పడమటి అంచు వెస్ట్ రిమ్ వేరు, అది హువాలపాయ్ తెగవారి భూమి, టికెట్ వేరే. స్కైవాక్ అనే గాజు వంతెన ఉన్నది అక్కడే.

బయల్దేరే ముందురోజు రాత్రే యాప్‌లోనో, గదిలో టీవీలోనో బిల్లు మొత్తం తెరిచి ఒక్కో గీతా చదవండి. పొద్దున్న కౌంటర్ దగ్గర పెద్ద వరస ఉంటుంది. ముందురోజు రాత్రి పదింటికి వెళ్తే మనిషి నింపాదిగా వింటాడు. చలికాలంలో ఈతకొలను మూసేసి ఉన్నా, వైఫై సరిగ్గా రాకపోయినా, రిసార్ట్ ఫీజులో కొంత తగ్గించమని మర్యాదగా అడగండి. నాకు మూడుసార్లు అడిగితే ఒకసారి ఒక రాత్రి ఫీజు తీశారు. తీసేసినవి నిజంగా తీశారో లేదో మెయిల్‌కి వచ్చే ఆఖరి బిల్లులో చూసుకోండి, కార్డు స్టేట్‌మెంట్ వారం తర్వాత ఇంకోసారి చూడండి. మినీబార్ గీతలు కొన్నిసార్లు మీరు ఇల్లు చేరాక పడతాయి.

మీ తేదీలు, చూసిన రెండు మూడు హోటళ్ళ ఆఖరి పేజీ అంకెలు ఇక్కడ పెట్టండి. నలుగురికీ ఏది తక్కువ పడుతుందో లెక్క వేసి చెప్తాను.